కొండ సర్వరు వాన

పొద్దున ఆఫీసు తెరవగానే వదిన చేసే మొదటి పని బల్ల తుడవడం. రెండో పని, తుడిచిన గుడ్డ పిండి, ఎడారి సర్వరు తెరిచి దాని ముందు ఆరేయడం. ఆ తరవాతే టీ.

వదిన అంటే నిజానికి మేనేజరుకి మాత్రమే వదిన, అతని అన్న భార్య. అతను పిలవగా పిలవగా ఆఫీసంతటికీ వదినే అయిపోయింది. ఓనరు వయసులో ఆవిడ తండ్రంతటివాడు, ఆయన కూడా "వదినగారూ" అనే అంటాడు. వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే చిన్న కంపెనీ అది. దుకాణాలవాళ్ళవి, బడులవి, ఫొటోలు తీసేవాళ్ళవి, ఆ సైట్లన్నీ ఎక్కడెక్కడో దూరపు ఊళ్ళలో ఉన్న సర్వర్లనే యంత్రాల్లో నడుస్తుంటాయి. వాటన్నిటినీ ఇక్కడ కూర్చునే, ప్యానెల్ అనే ఒక్క తెర మీద చూసుకోవడం వదిన ఉద్యోగం. ఒక పేరు నొక్కితే ఆ సర్వరు కిటికీ తెర మీద తెరుచుకుంటుంది. దాంతోపాటు ఆ ఊరి గాలీ వస్తుంది.

రేవు సర్వరు తెరిస్తే ఉప్పుగాలికి కాగితాలు మెత్తబడతాయి. ఎడారి సర్వరు తెరిస్తే పెదాలు పగులుతాయి. కొండ సర్వరు తెరిస్తే ఏడాదిలో సగం రోజులు వానే. యంత్రాలుండేది నాలుగు గోడల మధ్య కదా, బయటి వాన ఎలా వస్తుందని తర్కించినవాళ్ళు ఆ ఆఫీసులో లేరు. కీబోర్డులకి ప్లాస్టిక్ తొడుగులు కొన్నారు, అంతే.

అసలు ఆ గాలి లేకపోతే పని సాగదు. కిటికీలన్నీ ఒకేలా ఉంటాయి, నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. ఏ సర్వరులో ఉన్నదీ పేరు చదివి కాక, చెంపకి తగిలే గాలిని బట్టి తెలుసుకోవడం అక్కడి అలవాటు. ఆమధ్య ఓనరు ముచ్చటపడి గదికి పెద్ద ఏసీ పెట్టించాడు. ఆ చలిలో వదిన, మరమ్మతుకి ఆపాల్సిన కొండ సర్వరు అనుకుని రేవు సర్వరుని ఆపేసింది. ఓడల కంపెనీవాళ్ళు నానా గోలా చేశారు. ఏసీ తీసేశారు గానీ తప్పు మాత్రం వదిన నెత్తినే పడింది.

"ఇంకొక్కసారి మీ చేత్తో సర్వరు ఆగిందంటే మీరు ఇంట్లో కూర్చోవాల్సిందే వదినగారూ," అన్నాడు ఓనరు నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాట మీద నిలబడే మనిషాయన.

వదినకి అప్పట్నించీ గుండెల్లో బెంగ. జీతం సంగతి అలా ఉంచితే, ఆవిడ పుట్టిన ఊరు దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. మొగుడితో వెళ్దామంటే ఆయనకి బస్సు హారన్ వింటేనే కడుపులో తిప్పుతుంది. సముద్రం చూడకపోయినా సముద్రపు గాలి ఏ పూట ఎలా ఉంటుందో ఆవిడకి తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఆవిడకి మిగిలేది వంటింటి కిటికీ గాలి. అది కూడా పక్కింటి గోడకి కొట్టుకుని వచ్చేదే.

ఆ రోజు మధ్యాహ్నం పాత ఫైళ్ళు తీసేద్దామని కొండ సర్వరు తెరిచింది. వాన. తువ్వాలు తల మీద కప్పుకుని పనిలో పడింది. కాసేపటికి చూస్తే బల్ల మీద నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. చేత్తో తుడిస్తే ఇసక గరుకుగా తగిలింది. ఇంతలో ఒక గులకరాయి పడింది, ఇంకొకటి పడింది, వాటి వెనకే తెగిన వేరు ముక్క వచ్చి పడింది.

"ఇలా రా ఓసారి," అని మరిదిని పిలిచింది.

మేనేజరు వచ్చి వేరు ముక్క వాసన చూశాడు. "పచ్చిగా ఉంది వదినా."

"కొండ జారుతోంది. తాత కింద గదిలో పడుకుని ఉంటాడు."

తాత ఆ కొండ సర్వరుకి కాపలాదారు. యంత్రాల గది పైన, బండరాయి మీద ఉంటుంది. మెట్లు దిగితే కింద అతని గది, కొండ వాలుకి ఆనుకుని. వేసవిలో కూడా అక్కడ దుప్పటి కావాలని వదిన దగ్గర ఫోనులో చాలాసార్లు గొప్పలు పోయాడు. అతను యంత్రాల దగ్గరికి వచ్చాడంటే కొండ గాలిలో సిగరెట్టు వాసన వస్తుంది.

మేనేజరు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాడు.

"భోంచేసి నడుం వాల్చాడంటే ఫోనుకి లేవడు," అంది వదిన. "సైరను మోగితేనే లేస్తాడు."

సర్వరు ఆగితే తాత గదిలో సైరను మోగుతుంది. ప్యానెల్ నుంచి సర్వరుని ఆపడం ఒక్క నొక్కు పని. ఆపినదాన్ని లేపడం మాత్రం ఇక్కడి నుంచి కుదరదు, ఎవరో ఒకరు మెట్లెక్కి వెళ్ళి యంత్రం మీది బొత్తాం నొక్కాలి. అది తాత పని.

"నువ్వు నొక్కకు వదినా. ఓనరు ఊరుకోడు. అక్కడి పోలీసులకి చెబుదాం."

"వాళ్ళొచ్చేదాకా కొండ ఆగుతుందా?"

"పోనీ, నేనే నొక్కుతాలే," అన్నాడు మేనేజరు. అతని చేతులు రెండూ జేబుల్లోనే ఉన్నాయి.

"నీకెందుకులే," అని వదిన నొక్కేసింది.

వాన టక్కున ఆగిపోయింది. సర్వరు ఆగితే గాలీ ఆగుతుంది మరి. కొండ మీద ఏమవుతోందో తెలుసుకునే దారి కూడా పోయింది. ఆఫీసులో ఫోనులు మొదలయ్యాయి, అన్నీ సైట్లు ఆగిపోయాయని దుకాణాలవాళ్ళు చేసినవే. ఆ గోలకి ఓనరు తన గదిలోంచి వచ్చాడు. జరిగింది విన్నాడు, వేరు ముక్క చూశాడు, దేన్నీ కాదనలేదు.

"తాత బతికితే సంతోషమే. కానీ మాటంటే మాటే," అని మేనేజరు వైపు తిరిగాడు. "ఆవిడ పేరు ప్యానెల్‌లోంచి తీసెయ్యి."

మేనేజరు తల వంచుకుని పేరు తీసేస్తున్నాడు. వదిన సంచి సర్దుకుంటోంది గానీ చూపంతా తెర మీదే ఉంది. అంతలో కొండ సర్వరు కిటికీ వెలిగింది. ముందు గదినిండా మట్టి వాసన కమ్ముకుంది. తరవాత వాన వచ్చింది. ఆ వానలో సన్నగా సిగరెట్టు వాసన. వదిన అక్కడే కూలబడి భోరున ఏడ్చింది.

తాత యంత్రాల గది ఫోను నుంచి చేశాడు. "ఎవరమ్మా ఆపింది? పైకొచ్చి బొత్తాం నొక్కి తిరిగి చూస్తే కింద నా గది లేదు. మంచమూ లేదు."

"నేనే తాతా."

"భోంచేశావామ్మా?" అన్నాడు తాత.

ఓనరు మాట మార్చలేదు. వదిన కుర్చీలోకి వేరే ఆవిడ వచ్చింది. మరిది ఇంటికొచ్చినప్పుడల్లా వదిన మొహం చూడలేక గబగబా తినేసి వెళ్ళిపోతుంటాడు.

తాత మధ్యాహ్నం నిద్ర మానేశాడు. భోజనమవగానే రోజూ వదినకి ఫోను చేస్తాడు. ముందు భోంచేశావా అని అడుగుతాడు.

"వాన పడుతోందా తాతా?" అని ఆవిడ అడుగుతుంది.

"పడుతోందమ్మా."

"ఎలాంటి వాన?" అంది ఒకరోజు.

"వాన వానలాగే ఉందమ్మా. ఎలా చెప్పను?"

"అదికాదు. గాలి ఎటునించి వస్తోంది? చేయి పెడితే చినుకు చల్లగా తగులుతోందా, చురుక్కుమంటోందా?"

"ఉండమ్మా, చూసొచ్చి చెబుతా," అని తాత ఫోను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. వదిన ఫోను చెవికి ఆనించుకుని, అతను తడిసి వచ్చేదాకా కూర్చుంది.