చర్చి దిగుడు దగ్గర వేడ్ పేరు

వేడ్ స్టిడమ్ నాకు రెండుసార్లు స్పీడు చలానా రాశాడు. రెండోసారి నేను ఇంటి నుంచి కారులో అతనికే కాఫీ పట్టుకొస్తున్నాను. "థాంక్స్, లొరీనక్కా" అంటూ కాఫీ అందుకుని, చలానా నా చేతిలో పెట్టాడు. అంత మొహమాటం లేని మనిషి! మా కెంటకీ కొండల్లో పదకొండేళ్ళు పోలీసుగా చేశాడు. రాతి చర్చి ముందు, రోడ్డు దిగుడు మొదలయ్యే చోట రోజూ కారు నిలుపుకునేవాడు. నా హోటలు కిటికీలోంచి చూస్తే ఎదురుగా కనిపించేది.

పోయిన జనవరిలో, అక్కడికి నాలుగు మైళ్ళ అవతల వంతెన మీద, మంచులో ఆగిపోయిన ఎవరిదో కారును నెడుతుండగా వెనక నుంచి జారివచ్చిన లారీ అతణ్ణి పొట్టన పెట్టుకుంది.

రోడ్డుకు వేడ్ పేరు పెట్టాలని కౌంటీ సభ వాళ్ళు నిశ్చయించారు. పోలీసు ఎక్కడ పోతే అక్కడే పేరు పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. వంతెనకు అటు మైలు, ఇటు మైలు అని కాగితం కూడా తయారైంది. ఆ సంగతి విని వేడ్ తండ్రి హోబర్ట్ నా హోటల్లో బల్ల గుద్దాడు.

"ఆ వంతెన మీద మావాడు ఉన్నదెంతసేపు? ఇరవై నిమిషాలు! పదకొండేళ్ళు నిలబడింది చర్చి దిగుడు దగ్గర. పేరు అక్కడే ఉండాలి."

"ఆ దిగుడులోనేగా నీకూ చలానా రాశాడు? దాని మీదేగా అలిగావు?" అన్నాను. నా నోరు ఊరుకోదు.

ముసలాయన మొహం చిన్నబోయింది. "ఎనిమిది నెలలు మాట్లాడలేదమ్మా వాడితో. అంతలోనే పోయాడు. నువ్వు చేసింది రైటేరా అని ఒక్కసారన్నా అనలేదు. ఇప్పుడైనా నలుగురిలో అనాలి."

అనవసరంగా కదిపానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మంగళవారం సభకు ఊరంతా వచ్చింది. కౌంటీ పెద్ద ఫ్లాయిడ్ కోంబ్స్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నీ బాధ నాకు తెలుసు హోబర్టూ. కానీ వాడు అక్కడ పోలేదు కదా. ఆ చోటే ఎందుకని పైవాళ్ళు అడిగితే ఏం చూపించను?"

హోబర్ట్ పర్సులోంచి నాలుగు మడతల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అదే ఆ చలానా.

"ఇది చూపించు. చర్చి దిగుడు అని రాసుంది, వాడి సంతకముంది. యాభై అయిదు దాటకూడని చోట డెబ్బై ఒకటిలో పోయాను. కన్నతండ్రినని వదల్లేదు. వాడు చేసింది రైటు, తప్పు నాది."

తల మాత్రం దించలేదు. నేను లేచి నిలబడ్డాను. "నాకు రెండు రాశాడు, అక్కడే!"

"నాకూ రాశాడు. ఆదివారం ప్రార్థనకు ఆలస్యమైపోతోందంటే, దేవుడు ఆగుతాడు లెండి అన్నాడు" అన్నాడు పాస్టరు.

"నాకు మూడు!"

"మూడుకే ఎగిరిపడకు, నాకు నాలుగు!"

తమ తప్పులు ఇలా కాలరెగరేసి చెప్పుకునే జనాన్ని నేనెప్పుడూ చూడలేదు. చివరికి ఫ్లాయిడ్ గుమాస్తా వైపు తిరిగి, "సరే, నాదీ ఒకటి రాసుకో" అన్నాడు. పాత కాగితం చింపేశారు. కొత్తదానికి అడ్డు చెప్పినవాళ్ళు లేరు.

మే నెలలో చర్చి ముందు బోర్డు మీది గుడ్డ తీశారు. ఆ రోడ్డు మీద మొదటి బండి హోబర్టుదే. స్పీడు ముల్లు యాభై అయిదు దాటకుండా తన పాత ట్రక్కు నడిపాడు. వెనక పోలీసు కార్లు, వాటి వెనక మేమంతా. ఒక్కరూ హారన్ కొట్టలేదు.

ఇప్పుడు హోబర్ట్ రోజూ పొద్దున్నే వచ్చి నా కిటికీ పక్కన కూర్చుంటాడు. పోలీసు కారు లేకపోయినా ఆ బోర్డు దగ్గరకు రాగానే బళ్ళ వెనక ఎర్ర బ్రేకు దీపాలు వెలుగుతాయి. అవి చూస్తూ కాఫీ తాగుతాడు. నిన్న ఎవరో పై ఊరివాడు జోరుగా దూసుకుపోయాడు. ముసలాయన కప్పు వదిలేసి, కిటికీ తెరిచి, సగం బయటికి వంగాడు.

"ఒరేయ్, నెమ్మది! అది మా వేడ్ రోడ్డురా!"