ఇరవై నిమిషాలు

నాగూర్ బాషా ఊక ఎగదోసే బ్లోయరు చక్రాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఒక్కో రెక్కా తుడుస్తున్నాడు. ఎడమ చెయ్యి పొద్దుటి నుంచీ లాగుతోంది. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు గనక? భార్య జానీ బీ పోయాక తెనాలిలో ఆయన నొప్పులన్నీ ఆయనవే.

చక్రం సంగం జాగర్లమూడి రైసుమిల్లుది. యజమాని పున్నారావు షాపు గుమ్మంలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. బాషా ఇనుముకు ఎర్రరంగు పట్టించి, కాసేపాగి, శుభ్రంగా తుడిచి, పైన తెల్లపూత కొట్టాడు. పగులుంటే అందులో ఇంకిన ఎరుపు తెలుపు మీదికి ఊరి వస్తుంది. దానికి టైము పడుతుంది.

"ఏం కనపట్లేదుగా బాబాయ్. తీసుకెళ్లి బిగించేస్తా. మిల్లు ఆగిపోయింది."

"దీని పక్కన నిలబడేది ఎవరండి?"

"మా పనివాడు శాలేమురాజు. ఏం?"

"అయితే ఇరవై నిమిషాలండి."

పున్నారావు విసుక్కుంటూ టీకి వెళ్లాడు.

బెంగళూరులో విమానం ఇంజన్లు విప్పే షెడ్డులో ఇరవై ఎనిమిదేళ్లు బాషా పని ఇదే. ఒకసారి పైవాళ్లు తొందరపెడితే ఒక ఇంజను చక్రం మీద ఎనిమిదో నిమిషానికే పూత తుడిచేసి సంతకం పెట్టాడు. నాలుగు నెలలకు ఆ చక్రం ఆకాశంలో విరిగింది. ముక్క ఇంజను గోడ చీల్చుకుని కిటికీలోకి దూసుకుపోయింది. పైలట్ విమానాన్ని క్షేమంగా దించాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక్కావిడ తప్ప అందరూ బతికారు. కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయని విచారణలో తేల్చారు. ఆ ఎనిమిది నిమిషాల సంగతి జానీ బీ ఒక్కదానికే చెప్పాడు. ఆమె దాన్ని తనతోపాటు బాపట్ల ఖబరస్తాన్‌కి తీసుకుపోయింది.

బాషా చేతిగడియారం విప్పి చక్రం పక్కన పెట్టి, కుర్చీలో జారగిలబడ్డాడు. పూత తెల్లగానే ఉంది. అలాగే ఉంటే బాగుణ్ణు అనుకున్నాడు, ప్రతిసారీ అనుకున్నట్టే. నొప్పి భుజం మీంచి గుండెల్లోకి దిగింది. లేచి ఎవరినైనా పిలవచ్చు. గడియారం చూశాడు. ఇంకా పదకొండు నిమిషాలుంది.

పున్నారావు తిరిగొచ్చేసరికి బాషా కళ్లు చక్రం మీదే ఉన్నాయి. భుజం తట్టి పిలిచాక గానీ ప్రాణం లేదని తెలియలేదు. చుట్టుపక్కల షాపులవాళ్లు వచ్చారు. రేపల్లెలో ఉన్న బాషా తమ్ముడికి ఫోను చేశారు.

ఆయన్ని మోసుకెళ్లాక, చక్రం తీసుకుపోదామని పున్నారావు బల్ల దగ్గరికి వచ్చాడు. చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు. గడియారం నడుస్తూనే ఉంది. దాని పక్కన, తెల్లపూత మీద, రెక్క మొదట్లో, వేలెడు పొడవున సన్నటి ఎర్రగీత తేలి ఉంది.