కీబోర్డు కింద గడి

మా పెళ్లయి ఇంకా నెల తిరగలేదు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు తలలు ఆనించుకుని ఉండటం చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పొద్దున కూడా నవ్వుకుంటూనే వంటింట్లోకి వచ్చాను. బల్ల దగ్గర మా వదిన కూర్చుని ఉంది. మా ఆయనకు అక్క, పై వాటాలో ఉంటుంది. ఫోన్‌ను బోర్లించి, దాని మీద అరచెయ్యి అదిమిపెట్టి, ఎవరి పీకో నొక్కుతున్నట్టు కూర్చుంది.

"వచ్చావా తల్లీ! నీ పుణ్యమా అని నా ఉద్యోగం పోతోంది. కాఫీ కలుపుకుని వచ్చి తీరిగ్గా విను," అంది.

వదిన నర్సు. ఆపరేషనై ఇంటికి చేరినవాళ్ల దగ్గరికి, మంచం దిగలేని పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి కట్లు మారుస్తుంది, మందులిస్తుంది, నడిపిస్తుంది. ప్రతి ఇంటి గుమ్మం దాటే ముందు రోగి ఎలా ఉన్నదీ ఫోన్‌లో రాసి పంపాలి. ఆ యాప్ తయారుచేసింది మా ఆఫీసు. ఆ రాసే పేజీ బాగోగులు చూసేది నేను. ఈ సంగతి పెళ్లికి ముందే తెలిసి ఉంటే తమ్ముణ్ణి బ్రహ్మచారిగానే ఉంచేదాన్నని వదిన ఊళ్లో అందరితో చెబుతోంది.

"నేను రాసినవన్నీ ఖాళీగా వెళ్తున్నాయట. ఖాళీగా ఉందంటే నేను ఆ ఇంటికి పోనేలేదని మా మేడమ్ లెక్క. ఎల్లుండి రమ్మంది. వచ్చేటప్పుడు బ్యాడ్జి కూడా తెమ్మంది."

నేను నోరు జారాను. "మా దగ్గర బాగానే పనిచేస్తోంది వదినా. మీరు పంపడం మర్చిపోతున్నారేమో."

"సూది ఎక్కడ దించాలో మర్చిపోనిదాన్ని, బటన్ నొక్కడం మర్చిపోతానా? ఏరా, నీ పెళ్లాం నాకు మతిమరుపంటోంది, విన్నావా?"

మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఇరుక్కుపోయినవాళ్లను బయటికి లాగడంలో దిట్ట. తనే మా ఇద్దరి మధ్యా ఇరుక్కుంటే మాత్రం బూట్ల లేసులు కట్టుకుంటాడు. అప్పటికే కట్టిన లేసును విప్పి మళ్లీ కట్టాడు. "నాకు ఆలస్యమవుతోందక్కా," అని నా వైపు చూసి కన్ను కొట్టి, బతుకుజీవుడా అని వెళ్లిపోయాడు.

"ఫోన్ ఒకసారి ఇవ్వండి," అన్నాను.

"ముట్టుకోకు. దూరం నుంచి చూడు. నీ చెయ్యి పడితే ఉన్నది కూడా ఊడుతుంది."

వదిన పేజీ తెరిచింది. తెరవగానే వాళ్ల ఆఫీసు లెక్కలో ఆమె పేరు మీద ఒక ఖాళీ పద్దు పడుతుంది, 'పంపు' నొక్కితేనే అది నిండుతుంది. రోగి పరిస్థితి రాయాల్సిన గడి అట్టడుగున ఉంది. దాని మీద వేలితో పొడిచింది. తెర కింది నుంచి కీబోర్డు లేచింది. వదినది తెలుగు కీబోర్డు, అక్షరాలు కూడా పెద్దవి చేసుకుంది. పైన మాటలు అందించే పట్టీ ఒకటి. అన్నీ కలిసి తెరలో సగానికి పైగా ఆక్రమించాయి. గడి వాటి కింద పడిపోయింది. 'పంపు' బటనూ అక్కడే పడిపోయింది. వదిన ఏమీ కనపడకుండానే టకటకా నొక్కుకుపోయింది. రాయడం అయ్యాక కీబోర్డును దించడానికి 'వెనక్కి' నొక్కింది. కీబోర్డుతోపాటు పేజీ కూడా పోయింది. రాసిందంతా గాలికి కొట్టుకుపోయింది.

"రోజూ ఇంతే," అంది వదిన. "ఇదేదో కొత్త పద్ధతి కాబోలు, రాసింది దానంతటదే వెళ్తుంది కాబోలు అనుకున్నా. చదువుకున్నవాళ్లు చేశారు కదా!"

నా కాఫీ చల్లారిపోయింది.

ఆఫీసులో మా పై అధికారిని మేమంతా శాంతమూర్తి అంటాం. ఆయన అరుపులకు కింది అంతస్తు వాళ్లు కూడా ఉలిక్కిపడతారు. విషయం చెప్పగానే నన్ను తన సీటు దగ్గరికి లాక్కెళ్లినంత పనిచేశాడు. అక్కడ కంప్యూటర్ తెర మీద ఒక ఉత్తుత్తి ఫోన్ బొమ్మ ఉంటుంది. మేము యాప్‌ను అందులోనే నడిపి చూసుకుంటాం. ఆయన గడి మీద క్లిక్ చేసి, బల్ల మీది కీబోర్డు మీద నాలుగు అక్షరాలు కొట్టాడు. అవి ముత్యాల్లా వరసగా వచ్చి కూర్చున్నాయి.

"ఏదీ తప్పు? చూపించు! కళ్లు పెళ్లిపందిట్లో మర్చిపోయి వచ్చావా?"

అప్పుడు తట్టింది నాకు. కంప్యూటర్‌కు కీబోర్డు తగిలించి ఉంటే ఉత్తుత్తి ఫోన్ తన కీబోర్డును లేపదు. ఇక్కడ ఎవరమూ బొటనవేళ్లతో ఆ పేజీలో ఒక్క వాక్యం రాసి చూడలేదు. చెయ్యి చాచి, తెర మీది కీబోర్డు లేచేలా మార్చాను. అది లేచింది. గడినీ బటన్‌నూ మింగేసి చల్లగా నిలబడింది.

శాంతమూర్తి మౌస్ వదిలేశాడు. "సరే, బాగుచెయ్యి. 'చిన్న చిన్న మెరుగులు' అని రాసి పంపేద్దాం."

"మరి ఇన్నాళ్లూ ఖాళీగా వెళ్లినవి? ఒకావిడ ఉద్యోగం పోతోంది సార్."

"ఎవరావిడ?"

"మా వదిన."

"అలా చెప్పు! ఇంటి రామాయణం ఇక్కడికి మోసుకొచ్చావన్న మాట. తప్పు మనదని తెలిస్తే ఆ నర్సుల సంస్థవాళ్లు ఒప్పందం చింపి మన మొహాన కొడతారు. బయట ఒక్క ముక్క అన్నావో, ఇక జీవితాంతం కాపురమే చేసుకోవచ్చు, ఆఫీసుకు రానక్కర్లేదు!"

పళ్లు నూరుకుంటూనే పనిలో దిగాను. కీబోర్డు లేచినప్పుడు దాని ఎత్తెంతో ఫోనే చెబుతుంది. పేజీ అడుగున అంత ఎత్తు జాగా వదలమన్నాను. వేలు పెట్టిన గడిని జరిపి దానికి పైన నిలబెట్టమన్నాను. 'పంపు' బటన్‌ను కీబోర్డు నెత్తి మీద కూర్చోబెట్టాను. రాసింది పంపకుండా వెనక్కి పోబోతే ఆపి అడగమన్నాను. మొదటిసారి ఆ గడి మెల్లగా పైకి లేచి, వెలుతుర్లోకి వచ్చి నిలబడేసరికి కుర్చీలోనే ఎగిరి గంతేశాను.

"సంబరాలు ఇంటికెళ్లి చేసుకో," అన్నాడు పక్క సీటు వాడు.

కొత్త యాప్‌ను నా ఫోన్‌లో మాత్రమే వేసుకున్నాను. వదినను తన ఫోన్‌లో ఏమీ మార్చవద్దన్నాను. "అంటే నాకు మాత్రం చెత్తదే ఉంచుతావా?" అని మేడమ్ రమ్మన్న రోజున దారి పొడుగునా సణిగింది.

మేడమ్ గదికి కిటికీ లేదు. బల్ల మీద ఒక ట్రేలో ఎవరెవరివో బ్యాడ్జీలు తాళ్లతో సహా చిక్కుపడి ఉన్నాయి.

"ఈ అమ్మాయెవరు?" అంది మేడమ్.

"మా తమ్ముడి భార్య. ఆ యాప్ వాళ్ల మనిషి," అంది వదిన, గదిలోకి ఎలుక దూరిందని చెబుతున్నట్టు.

"ఇంటి మనిషిని సాక్ష్యానికి తెచ్చుకున్నావా? బాగుంది వరస!"

"సాక్ష్యం వద్దు మేడమ్. మీరే ఒకటి రాసి పంపండి," అని వదిన ఫోన్‌ను ఆమె ముందు పెట్టాను.

మేడమ్ మూతి బిగించి రాయడం మొదలుపెట్టింది. కీబోర్డు కింద ఏమీ కనపడక తల వంచింది, ఫోన్‌ను వంచింది, కళ్లజోడు తీసి తుడిచింది. చివరికి కీబోర్డును దించడానికి 'వెనక్కి' నొక్కింది.

"ఇదేమిటి, ఎక్కడికి పోయింది?"

"నావన్నీ పోయిన చోటికే," అంది వదిన.

మేడమ్ రెండోసారి రాసింది. అదీ పోయింది. పక్కనున్న కంప్యూటర్‌లో చూసుకుంటే, వదిన పేరు మీద కొత్తగా రెండు ఖాళీలు చేరి ఉన్నాయి. మేడమ్ మొహం కందగడ్డలా అయింది. ఆ కోపమంతా నా మీదికి తిరిగింది.

"ఏమ్మాయ్, ఖాళీలు పంపుతున్నారని ఇద్దరిని నేను ఇదివరకే తీసేశాను. దీనికెవరు జవాబు చెబుతారు?"

ఆ ఇద్దరి సంగతి నాకు తెలియదు. ట్రేలోని తాళ్ల వైపు చూడలేకపోయాను.

"తప్పు మాది మేడమ్," అన్నాను. "మా ఆఫీసులో ఎవరమూ తెర మీది కీబోర్డుతో రాసి చూడలేదు."

మేడమ్ అక్కడికక్కడే మా ఆఫీసుకు ఫోన్ కొట్టింది. శాంతమూర్తి గొంతు మొదట తేనెలా వినిపించింది. నా పేరు వినగానే ఆ తేనె చేదెక్కింది. ఆమె ఫోన్ పెట్టేసి వదిన వైపు తిరిగింది.

"నేను నమ్మానని మురిసిపోకు. యాప్ పాడైనంత మాత్రాన నువ్వు ఇళ్లకు వెళ్లావని రుజువైనట్టు కాదు. ఆ ఖాళీలన్నీ సాయంత్రంలోగా నింపు. ఆ ఇళ్లకు నేనే ఫోన్ చేసి సరిచూసుకుంటా."

"చూసుకోండి. ఆ ఇద్దరినీ కూడా పిలిచి అడగండి. వాళ్లను అడక్కుండానే పంపించారు," అంది వదిన. మేడమ్ ట్రేను పక్కకు జరిపింది. వదిన కదల్లేదు. "ఊఁ, రమ్మను," అని మేడమ్ గొణిగాకే లేచింది.

బయట వరండాలో ఒక బెంచీ ఉంది. నా ఫోన్‌లో వదిన ఖాతా తెరిచాను. ఆమె చెబుతుంటే నేను రాయడం మొదలుపెట్టాను. గడి చక్కగా కీబోర్డు పైన నిలబడింది. అంత గొడవలోనూ నాకు ముచ్చటేసింది.

"పళ్లికిలించింది చాలు, రాయి."

మధ్యలో తెర పైభాగంలో శాంతమూర్తి సందేశం ఒకటి వచ్చి పడింది. వదిన మెడ చాచి చూసింది. "ఏమంటాడు?"

"రేపటి నుంచి రావద్దంటున్నాడు."

వదిన ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "మంచిది. ఎటూ నువ్వు ఖాళీయే కదా, ఆ ఇద్దరినీ రేపు పిలుచుకొస్తా. వాళ్లవీ నువ్వే రాయాలి. ఊఁ, తర్వాత మెట్లింటి పెద్దాయన. కుడి చెయ్యి కాస్త లేస్తోంది. చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. ఒకటి తప్పు కాజాలో పెట్టాడు. నేను సరిచెయ్యలేదు. రాశావా?"

"రాశాను వదినా."

"చదువు."

చదివాను.

"నేను సరిచెయ్యలేదన్నది ఏది, దొంగమొహమా? ఆ ముక్క కూడా పెట్టు. పట్టుదల మనిషి, తన గుండీ నేను ముట్టుకోలేదని రాశానని నా నోట విన్నాకే నా కోసం తలుపు తీస్తాడాయన."