నేనే దాచి, నేనే వెతికి

అక్క రొమ్ములో గడ్డ లేదని బొమ్మ తీసి చూపించింది నేనే.

డాక్టరుగారు చేత్తో చూసి, ఏదో చిన్న గడ్డలా ఉంది, సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలను లెక్కలతో గడగడలాడించే మా అక్క, సూది పేరెత్తితే మంచం కింద దూరే రకం. "నీ మిషన్ ఉందిగా, అందులో చూడవే" అంది. నేను ఉబ్బి తబ్బిబ్బయ్యాను. పుట్టి బుద్ధెరిగాక అక్క నన్ను ఒక సాయం అడగడం అదే మొదటిసారి.

మా మిషన్ అంటే ఓ గిన్నె, దాని చుట్టూ పదహారు యాంటెనాలు. వంటింటి మైక్రోవేవ్‌లో ఉండే తరంగాలే, బలం మాత్రం లక్షోవంతు. గడ్డ ఉన్నచోట అవి వేరేగా చెదురుతాయి. ఆ తేడాను బట్టి లోపలేముందో చెప్పే ప్రోగ్రాం నాది. దానికి కంప్యూటర్లోనే పరీక్షలు పెట్టాను. చర్మం, కొవ్వు, గ్రంథులు అన్నింటినీ చిన్న చిన్న గడులుగా పేర్చి, మధ్యలో ఒక గడ్డను దాచి, ఎక్కడుందో చెప్పమనేదాన్ని. ఇరవైకి ఇరవై చెప్పింది. కాకిపిల్ల కాకికి ముద్దంటారు, నా కాకిపిల్ల మా ల్యాబ్ పెద్దాయనకు కూడా ముద్దొచ్చింది. మనుషుల మీద వాడి చూద్దామన్నాడు.

అక్క బొమ్మ శుభ్రంగా వచ్చింది. సూది పరీక్ష మానేసింది. అది మూడు నెలల కిందటి మాట.

ఇవాళ పొద్దున, సైన్సు పత్రికకు పంపే బొమ్మలు ఇంకాస్త నునుపుగా ఉంటే బాగుంటుందని, వెతికే వైపు గడుల సైజు సగానికి తగ్గించాను. దాచే వైపు పాతవే ఉంచాను. సోకు కోసం చేసిన పని. ఇరవైలో తొమ్మిదే దొరికాయి. గ్రంథులు దట్టంగా ఉన్నచోట ఒక్కటీ దొరకలేదు.

ఇన్నాళ్లూ దాచడానికీ వెతకడానికీ ఒకే గడులు వాడాను. గడ్డ అంచు ఎప్పుడూ గడి గీత మీదే ఉండేది. మనిషి ఒంట్లో గీతలుండవు. ఈ పనిలో చేరినవాళ్లకు మొదటి వారమే చేయొద్దని చెప్పే తప్పు ఇది, నేనే ఎంతమందికి చెప్పానో. నా మీద నాకే అసహ్యం వేసింది. అక్కవి దట్టమైన గ్రంథులని డాక్టరుగారి చీటీలో రాసే ఉంది.

పెద్దాయనకు చెప్పి మిషన్ ఆపించి, ఆసుపత్రికి ఫోన్ చేసి, అక్క స్కూలుకు పరిగెత్తాను. స్టాఫ్‌రూంలో ఒక్కతే కూర్చుని పేపర్లు దిద్దుతోంది. అంతా చెప్పాను. ఎర్రపెన్ను చేతిలో అలాగే పట్టుకుని వింది.

"అంటే, ప్రశ్నలూ నువ్వే ఇచ్చి, జవాబులూ నువ్వే రాసుకున్నావు. నూటికి నూరు రాక చస్తాయా?"

"తప్పయింది అక్కా."

"మా పిల్లలైతే గోడకుర్చీ వేయించేదాన్ని."

నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

"రేపు పదింటికి రమ్మన్నారు. నేనూ వస్తాను. సూది వేసేటప్పుడు పక్కనే ఉంటాను" అన్నాను.

అక్క పెన్నుకు మూత పెట్టింది. పేపర్ల కట్టకు దారం చుట్టి ముడి వేసింది. తర్వాత కిటికీ వైపు చూస్తూ చెప్పింది.

"అది పెరిగిందే. నెల్నాళ్లయింది, స్నానం చేసేటప్పుడు చేతికి తగులుతూనే ఉంది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీ బొమ్మలో లేదుగా. నా చెయ్యే తప్పనుకున్నాను."