మినిట్స్‌లోకి ఎక్కని ఏరు

నెలలో రెండో మంగళవారం వచ్చిందంటే గుమాస్తమ్మకి పొద్దున్నే తలనొప్పి మొదలయ్యేది. ఏటి సంరక్షణ సంఘానికి తొమ్మిదేళ్లుగా మినిట్స్ రాసేది ఆమే. కుర్చీలు వేయించాలి, సంతకాలు పెట్టించాలి, ఆఖర్న "చర్చించి వాయిదా వేయడమైనది" అని రాయాలి. ఆ ముక్క నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు.

తగువు ఒక్కటే. ఎండాకాలం రెండు నెలలు రంగుల ఫ్యాక్టరీ ఏట్లోంచి నీళ్లు తోడటం ఆపాలా, వద్దా. ఫ్యాక్టరీ ఇంజనీరు లెక్కలు చదివేవాడు. రైతులు అర్జీలు చదివేవాళ్లు. అంతసేపూ నేల పొడిగానే ఉండేది. చేపలమ్మే పెద్దమ్మ గొంతు సవరించుకుంటే మాత్రం అందరూ చెప్పులు తీసి బల్లమీద పెట్టుకునేవాళ్లు. ఎవరైనా ఏటి గురించి తమకు జరిగింది చెప్తే ఆ గదిలోకి నీళ్లొచ్చేవి మరి.

"కథలొద్దమ్మా, పాయింటుకి రా" అనేవాడు అధ్యక్షుడు, పంచె మోకాళ్ల మీదికి లాక్కుంటూ.

"నా పాయింటు అదే నాయనా" అనేది పెద్దమ్మ.

మినిట్స్ ఫారంలో కథకి గడి లేదు. గుమాస్తమ్మ గీత గీసి వదిలేసేది. అటెండరు గది తుడిచేవాడు. మళ్లీ వచ్చే నెల అదే తంతు.

ఆ మంగళవారం ఆఖరి గడువు. ఆ రోజు తేలకపోతే ఫ్యాక్టరీకి ఏడాది పొడుగునా అనుమతి వచ్చేస్తుంది. రెండు గంటలు అరుచుకున్నారు. అధ్యక్షుడు గడియారం చూసి, "సరే, రాసెయ్యమ్మా, వాయిదా అని" అన్నాడు.

గుమాస్తమ్మ కలం మూత పెట్టేసింది.

"రాయను సార్. నేనూ ఒకటి చెప్తాను."

"నువ్వు సభ్యురాలివి కాదుగా."

"కాను. మా నాన్న ఈ ఏట్లో పడవ నడిపేవాడు. ఏరెండాక పడవని ఈడ్చుకొచ్చి పెరట్లో పెట్టాడు. రోజూ సాయంత్రం అందులో ఎక్కి కూర్చునేవాడు. ఎవరైనా వస్తారేమోనని చూసేవాడు. ఒకరోజు బడి నుంచి నా స్నేహితురాళ్లు వచ్చి ఎవరే ఆ పిచ్చాయన అన్నారు. మాకు తెలీదు, ఎవరో అన్నాను. నాన్న విన్నాడు. మర్నాటి నుంచి పడవెక్కలేదు. ఇంకెక్కడికీ పోలేదు, మంచం దిగలేదు."

నీళ్లు నడుములదాకా వచ్చాయి. అధ్యక్షుడు కుర్చీ మీదికెక్కాడు. ఇంజనీరు లెక్కల ఫైలు నెత్తిన పెట్టుకున్నాడు. కాసేపటికి దాన్ని వదిలేశాడు. అది తేలుతూ కిటికీలోంచి పోయింది.

"మూడేళ్ల కిందట పంపు దగ్గర నేనే ఉన్నాను" అన్నాడతను ఎవరి మొహమూ చూడకుండా. "నీళ్లు ఎర్రగీత కిందికి దిగితే పంపు ఆపాలి. దిగింది. ఫోన్ చేస్తే పైవాళ్లు కానీమన్నారు. గుంటలో చేపలు నోళ్లు తెరుచుకుని పడున్నాయి. మర్నాడు వెళ్లి మళ్లీ పంపు వేశాను."

నీళ్లు మెడలదాకా వచ్చాయి. ఏటి వాసన, పాచి వాసన.

"పంపు ఆపాలనేవాళ్లు చేతులెత్తండి" అంది పెద్దమ్మ, అధ్యక్షుడి పని తనే అందుకుని.

అందరి చేతులూ పైకి లేచాయి. అభిప్రాయంతో ఎత్తారో, కాగితాలు తడవకుండా ఎత్తారో ఎవరూ ఆరా తీయలేదు. గుమాస్తమ్మ రిజిస్టరు తలపైన పట్టుకునే "ఏకగ్రీవం" అని రాసింది. తను చెప్పిందీ, ఇంజనీరు చెప్పిందీ పొల్లుపోకుండా రాసింది.

రెండు నెలలడిగితే పైఆఫీసు నలభై రోజులిచ్చింది, అదీ ఆ ఒక్క ఏడాదికే. మినిట్స్‌లో సొంత గోడు రాసినందుకు గుమాస్తమ్మ కాంట్రాక్టు పొడిగించలేదు. తొమ్మిదేళ్ల చాకిరీకి రెండు లైన్ల ఉత్తరం. ఆమె దాన్ని నాలుగుసార్లు చదివి, నాలుగుసార్లూ పళ్లు కొరుక్కుంది.

తర్వాతి నెల రెండో మంగళవారం పెద్దమ్మ ఆమె ఇంటికొచ్చి, చెయ్యి పట్టుకుని మీటింగుకి లాక్కెళ్లింది. చేపలవాళ్ల వైపు ఒక కుర్చీ ఖాళీగా ఉంచారు. కొత్త గుమాస్తా హాజరు ఫారం ముందుకు తోసి, "రైతా, జాలరా, ఫ్యాక్టరీయా? ఏ గడిలో రాయమంటారు?" అని అడిగాడు.

ఆమె కలం తీసుకుని గడులన్నీ దాటి, అంచున ఖాళీలో తనే రాసుకుంది: పడవాయన కూతురు.

సిరా ఆరేలోపే కొత్త గుమాస్తా వంగి చెప్పులు విప్పుకున్నాడు.