అక్క దవడ

అక్క ఆపరేషన్‌కు తేదీ ఖాయమైన రోజున తమ్ముడు మ్యూజియంలో ఎవరో పరాయి ఆవిడ చెవి దిద్దుతున్నాడు.

ఆవిడ మూడు వందల ఏళ్ల కిందటి మనిషి. తెల్ల కాలరు వేసుకుని, ముఖం కాస్త పక్కకు తిప్పి, గోడమీది చట్రంలోంచి చూస్తుంది. ఆయిల్ రంగుల్లో ముఖాలు వెయ్యాలంటే ముందు ఇలాంటి పాత బొమ్మనొకదాన్ని మక్కికి మక్కి దించాల్సిందేనని బొమ్మలు నేర్పే మాస్టారి పట్టు. తమ్ముడు కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. సెలవు దొరికితే చాలు, ఆవిడ ముందు వాలిపోతాడు.

ఈ రంగుల చదువు మొదలుపెట్టిందే అక్క కోసం. దవడలో గడ్డ ఉంది, ఎముక కొంత తీసెయ్యాలి, ముఖం ఇలాగే ఉండదు అని డాక్టరు చెప్పాడు. బయటికొచ్చాక అక్క అంది:

"ఒరేయ్, నీకు బొమ్మలు వచ్చుగా. ఇది పోకముందే ఒకసారి వెయ్యరా."

"ఫోటోలు బోలెడున్నాయి కదే."

"ఫోటో తీసేవాడు నన్నెంతసేపు చూస్తాడు? నొక్కి పోతాడు. నువ్వు కూర్చుని చూడు."

పెన్సిలుతో వేస్తే ఆ వారమే అయిపోయేది. అక్క బొమ్మ రంగుల్లోనే ఉండాలని అతను పంతం పట్టాడు.

"ఏరా, మీ ఆవిడ ఎంతవరకొచ్చింది?" అని అక్క అడుగుతూనే ఉండేది.

"ముక్కు కుదరట్లేదే."

"నా ముక్కు ఎప్పుడో కుదిరింది. వచ్చి చూసుకో."

చివరికి మాస్టారు భుజం తట్టి, "ఇక చూడకుండా కూడా దించేస్తావోయ్," అన్నాడు. తమ్ముడు పొంగిపోయాడు. అప్పటికి ఆపరేషన్ ఎల్లుండికొచ్చింది.

మర్నాడు అక్క తల దువ్వుకుని అతని గదిలో కిటికీ పక్కన కూర్చుంది. కొత్తగా రంగులు కలిపే తీరిక లేదు. మ్యూజియం నకలు కోసం కలిపిన ఒంటిఛాయ రంగులు డబ్బాలో మిగిలుంటే వాటినే తీశాడు. చెయ్యి ఆగకుండా నడిచింది. మధ్యాహ్నానికి ముఖం తేలింది.

అక్క లేచొచ్చి చూసింది. "జబ్బు దవడకి కదరా. పచ్చకామెర్లు కూడా తగిలించావేం?" అని నవ్వింది. దగ్గరికి వంగి మళ్లీ చూసింది. ఈసారి నవ్వలేదు.

"ఇది మీ ఆవిడేరా. నా బట్టలు వేసుకుంది."

అతను మాస్టారికి ఫోన్ చేసి, ముఖం పసుపుగా వచ్చిందని చెప్పాడు.

"ఆ పసుపు ఆవిడ ఒంటిది కాదయ్యా. బొమ్మ పైన పూసిన వార్నిష్ పాతబడి అలా రంగు తిరిగింది. మొదటి రోజే చెప్పానుగా!"

చెప్పాడు. బొమ్మలో కనిపించింది కనిపించినట్టే దించాలనే ఊపులో ఆ మాట అతని చెవికెక్కలేదు.

పసుపును కత్తితో గీకేశాడు. దాని కింద బయటపడ్డ దవడ గీత కూడా ఆ పరాయి ఆవిడదే. మళ్లీ మొదలుపెడదామని తలెత్తేసరికి అక్క సంచీ సర్దుకుంటోంది. సాయంత్రమే ఆసుపత్రిలో చేరాలి.

"ఇంకొక్క గంట కూర్చోవే."

"ఇన్నాళ్లూ కూర్చునే ఉన్నాన్రా," అంది అక్క.

కట్లు విప్పిన రోజున అతను మంచం పక్కన ఉన్నాడు. ఎడమ చెంప లోపలికి పోయింది. అక్క అద్దం చూసుకుని దుప్పటి మీద పెట్టింది. మాట ముద్దగా వచ్చింది.

"పాతది గుర్తుందా?"

"ఉందే."

"ఎలా ఉండేదో చెప్పు."

మ్యూజియం ఆవిడ దవడ కింద నీడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. అక్కది చెప్పబోతే ఆ నీడే అడ్డొచ్చింది.

"పోన్లే," అంది అక్క. "దీన్నయినా చూడు."

అతను కుర్చీ దగ్గరికి లాక్కుని చూశాడు. కుట్ల వెంట, చెంప వెంట, గడ్డం దాకా వెతికాడు. అక్క కదలకుండా కూర్చుంది. పాత ముఖం ఎక్కడా దొరకలేదు.