జుమాబాయ్ కోసం ఏడ్చిన రోజు

కుముషాయ్ ఏదో ఆలోచిస్తూ టీ పోస్తూనే ఉంది. గిన్నె అంచుదాకా నిండిపోయింది. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న ఆమె భర్త ఒమురాలీ దాన్ని చూసి మీసాల్లో నవ్వుకున్నాడు.

"నిండా పోశావేంటే? ఇక లేచి వెళ్లమనా?"

కొండల నడుమ ఉన్న ఆ నారిన్ ఊళ్లో అయినవాళ్లకు గిన్నెలో సగమే పోస్తారు, తాగేకొద్దీ పోస్తూనే ఉంటారు. నిండు గిన్నె చేతికిచ్చారంటే ఇక దయచేయమని.  కుముషాయ్ గబుక్కున గిన్నె లాక్కుని సగం ఒంపేసింది.

"పొద్దున్నే ఏం మాటలయ్యా అవి? నోటికి అడ్డూ ఆపూ లేదు."

ఆమె భయం ఆమెది. గుండె జబ్బుతో ఒమురాలీ చలికాలం నుంచీ మంచం దిగడం లేదు. ఇవాళేమో రేడియో నాటకంలో ఆమె మొగుడు చచ్చిపోతున్నాడు. 'ఎగువ కాలువ' అనే ధారావాహిక నాటకంలో గొర్రెల కాపరి జుమాబాయ్ భార్య గొంతు కుముషాయ్‌దే. బట్టలు కుట్టే ఫ్యాక్టరీ మూతపడ్డాక దొరికిన పని. పేరు రాలేదు గానీ తిట్లు బాగానే వచ్చాయి. నాటకంలో కోడల్ని రాచిరంపాన పెడుతోందని బజార్లో ఉల్లిపాయలావిడ ఇప్పటికీ ఆమెకు కుళ్లినవే ఏరి ఇస్తుంది. జుమాబాయ్ వేషగాడు కూలి పనికి మాస్కో వెళ్లిపోయాడు కాబట్టి జుమాబాయ్ గుర్రం మీంచి పడి చచ్చిపోవాలి, పెళ్లాం శోకాలు తీయాలి. శవం లేకుండా శోకం తీస్తే చావును పేరుపెట్టి పిలిచినట్టేనని, ఆమెను పెంచిన ఆడవాళ్లంతా అనేవారు.

"నడక రాకముందే గుర్రమెక్కినోడు నడిచే గుర్రం మీంచి పడి చచ్చాడంటే ఎవడే నమ్మేది?" అన్నాడు ఒమురాలీ. "నీ ఏడుపైనా నమ్మేలా ఏడువు. నా పరువు తీయకు."

రేడియో స్టేషన్ గదిలో ఆమె మైకును గోడవైపు పెట్టించుకుంది. వాళ్లలో పోయినవాడి పెళ్లాం గుమ్మానికి వీపు పెట్టి గోడకేసి తిరిగే ఏడుస్తుంది. ఇంకోలా ఆమెకు గొంతు పెగలదు. అలా తిరిగినా పెగల్లేదు. పెదాలు ఏడ్చాయి, లోపల భయం నోరు నొక్కేసింది.

"అక్కా, పక్కింటోళ్ల మేక తప్పిపోయినట్టుంది నీ ఏడుపు," అన్నాడు నాటకం చేయించే ఎర్మెక్. "ఎవరూ నమ్మరు. నీవల్ల కాకపోతే చెప్పు, ఇంకొకళ్లని పిలుస్తాను."

పని పోతే ఒమురాలీ మందులూ పోతాయి. ఆమె కళ్లు మూసుకుంది. వద్దువద్దనుకుంటూనే ఒమురాలీ కళ్ల ముందుకొచ్చాడు. కనుమ దాటించి తెచ్చిన లారీ దిగి, కనుబొమల మీద మంచుతో, జేబులోంచి ఎండుపళ్లు తీసి ఆమె దోసిట్లో పోసే నాటి ఒమురాలీ. గొంతు దానంతటదే లేచింది. అయ్యేసరికి ఎర్మెక్ ముక్కు చీదుకుంటున్నాడు. కుముషాయ్ ఇంటిదారి పట్టింది. బతికున్నవాడి ముచ్చట్లు తీసుకెళ్లి చచ్చినవాడి పాటలో పెట్టి వచ్చింది.

సాయంత్రం నాటకం వేళకు ఆమె రేడియో దగ్గరే నిలబడింది. "ఇవాళ సరిగ్గా పలకడంలేదయ్యా. కట్టేస్తాను."

"చెయ్యి తియ్యవే." రేడియోలో ఆమె గొంతే శోకం ఎత్తుకుంది.

*మంచు కనుమ దాటి వచ్చేవాడా, జేబులో ఎండుపళ్లు దాచి తెచ్చేవాడా...*

ఒమురాలీ తలెత్తాడు. "ఏమే! ఆ పళ్లు నావి కదే?"

కుముషాయ్ రేడియో మీద లేని దుమ్ము తుడిచింది.

"గొర్రెలు కాసేవాడు మంచులో కనుమ ఎప్పుడు దాటాడే? ఒక్కడు నమ్మడు!" నవ్వుతూనే ముంజేత్తో కళ్లు ఒత్తుకున్నాడు. "బాగా ఏడ్చావులే. కాస్త టీ పొయ్యి."

ప్రాణం కుదుటపడింది ఆమెకు. అతను కోప్పడలేదు, భయపడలేదు. కెటిల్ దగ్గరికెళ్లి, ఈసారి జాగ్రత్తగా చూసి సగమే పోసి, రెండు చేతులతో అందించింది. అతను అందుకోలేదు. తల దిండు మీద పక్కకి వాలి ఉంది. మీసాల్లో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు.

పిలిచింది. భుజం కుదిపింది. గిన్నె పక్కన పెట్టి గోడకేసి తిరిగింది. వేరే మాటల కోసం వెతుక్కుంది, దొరకలేదు. ఉన్నవన్నీ పొద్దున జుమాబాయ్‌కి ఇచ్చేసింది. రేడియోలో ఏ మాటలు వస్తున్నాయో ఆమె నోట్లోంచీ అవే వచ్చాయి.

ఆ ఊళ్లో శోకం వినబడితే చేతిలో పని చేతిలోనే వదిలి పరిగెత్తుకొస్తారు. ఎవరూ రాలేదు. గోడ అవతల నుంచి పొరుగింటి సాదాత్ గోడ మీద కొట్టింది.

"కుముషాయ్! రేడియో తగ్గించవే! ఏడ్పించి చంపుతున్నావు!"

నాటకం అయిపోయింది. వార్తలొచ్చాయి. కుముషాయ్ ఆపలేదు.

ఆ శోకం ఇంకా రేడియోలోదే అనుకుంటూ సాదాత్ తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో పళ్లెం నిండా వేడి బొర్సోకులు. పోయినవాళ్ల పేరున వేయించే పిండి ముక్కలు.

"జుమాబాయ్ పేరు చెప్పి మా ఇంట్లోనూ వేయించానే. అచ్చం నిజంగా పోయినట్టే ఏడ్చావు తల్లీ! ఇదిగో, అన్నకి కూడా రెండు..."

గోడకేసి ఉన్న కుముషాయ్ వీపు చూసింది. రేడియోలో రేపటి వాతావరణం చెబుతున్నారు. అప్పుడు మంచం వైపు చూసింది.

"అన్నా..." అంటూ పళ్లెం కింద పెట్టేసి, వెళ్లి కుముషాయ్ పక్కన తనూ గోడకేసి కూర్చుంది.

మంచం పక్కన, ఒమురాలీ చెయ్యి చాపితే అందేంత దూరంలో, సగం పోసిన టీ గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.